శబ్దం చేయని బండి

“నడిచే బండిని విప్పదీయించడమేంటే? ఒంట్లో బాగున్న మనిషిని తీసుకెళ్ళి ఆసుపత్రిలో పడుకోబెడతారా ఎవరైనా?”

“పడుకోబెట్టరు. రక్తం మాత్రం తీయించుకుంటారు. నా ఉద్యోగమే అది కదా అమ్మమ్మా. పొద్దున్నే నేను సూది గుచ్చేవాళ్ళలో సగం మంది బాగున్నవాళ్ళే.”

“వాళ్ళకి డబ్బులు ఎక్కువై తీయించుకుంటున్నారు.”

“పోయిన నెల నువ్వూ తీయించుకున్నావు.”

“నాకు ఊరికే తీశావు. రూపాయి ఇచ్చానా నీకు?”

“అంటే ఊరికే అయితే చూపించొచ్చు, డబ్బులైతే చూపించకూడదు. అంతేగా?”

“అంతే.”

తెనాలిలో మా ఇంటి వసారాలో సాయంత్రం ఐదున్నరకి జరిగిన గొడవ ఇది. నేను మిషను ముందు కూర్చుని లంగాకి బొందు పట్టీ కుడుతున్నాను. మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, బండి తాళం వేలికి తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బండిని ఆ పూట మెకానిక్ షెడ్డులో వదిలేసి వస్తానంటుంది. తెల్లారాక ఇంజను చల్లగా ఉన్నప్పుడు పైన మూతలు విప్పి, లోపల వాల్వుల దగ్గర ఉండాల్సిన ఖాళీ ఉందో లేదో ఆయన చూస్తాడట. అందుకోసం మర్నాడు సెలవు కూడా పెట్టేసింది. తన బదులు రేపల్లె వెళ్ళడానికి ఇంకో అమ్మాయిని మాట్లాడుకుంది. ఒక రోజు జీతం పోతుంది, పైన మెకానిక్కుకి డబ్బులు పోతాయి. ఇంతా చేసి ఏం బాగుచేయిస్తావే అని అడిగితే, బాగుచేయించడం కాదు, చూపించడం అంటుంది.

“నన్నడక్కుండా సెలవెట్లా పెట్టావు?”

“నా సెలవు, నేను పెట్టుకున్నాను.”

“బండి నాది.”

“బండి తాతయ్యది.”

“తాతయ్య నా మొగుడు.”

దాంతో కాసేపు నోరు మూసుకుంటుందనుకున్నాను. మూసుకోలేదు. నా మిషను వైపు వేలు చూపించింది.

“దీనికి ప్రతి శుక్రవారం నూనె పోస్తావు. ఆగిపోయాక పోస్తున్నావా, నడుస్తుంటే పోస్తున్నావా?”

“మిషను సంగతి వేరు. దానికేం కావాలో అది నాకు చెబుతుంది. నూనె తగ్గితే గరగరలాడుతుంది. నీ బండి గరగరలాడిందా ఎప్పుడైనా? పక్కింటి వాళ్ళ బండి వస్తుంటే వీధి మొదట్నించీ తెలుస్తుంది. మన బండి గుమ్మంలో ఆగితే తప్ప తెలీదు. అంత మెత్తగా నడిచే బండిని పట్టుకుని చూపిస్తానంటావేంటి?”

ఈ మాట నేను గర్వంగానే అన్నాను. ఆ గర్వం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆ తరువాత నేర్చుకున్నదంతా చేతి పని వల్ల, చెవి వల్ల నేర్చుకున్నదే. చిన్నప్పుడే కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టాను. లంగాలు, దిండు గలీబులు, బడి పిల్లల నిక్కర్లు. మిషను ఎప్పుడు బాగుందో, ఎప్పుడు మొండికేస్తుందో దాని చప్పుడును బట్టే నాకు తెలుస్తుంది. సూది వంగితే ఒక రకం చప్పుడు. బాబిను కింద దారప్పీచు చేరితే ఇంకో రకం. చప్పుడు మారిన వస్తువు చెడిపోబోతున్న వస్తువని, చప్పుడు లేని వస్తువు బాగున్న వస్తువని నేను తేల్చుకున్నాను. ఇంట్లో ఫ్యానుకీ గ్రైండరుకీ అదే లెక్క. ఈ లెక్క నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు కాబట్టి బండికి మాత్రం ఎందుకు మారుతుందనుకున్నాను.

బండి మా ఆయన కొన్నది. చిన్న ఇంజను మోటారు సైకిలు, పెట్రోలు తక్కువ తాగుతుంది. ఆయన పోయాక దాన్ని అమ్ముదామంటే వచ్చినవాళ్ళు చెప్పిన ధర నాకు నచ్చలేదు. పాత దుప్పటి కప్పి వసారాలో పెట్టాను. మనవరాలు ల్యాబు చదువు పూర్తి చేసి తెనాలిలో ఉద్యోగం వెతుక్కోవడానికి బాపట్ల నుంచి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ దుప్పటి తీశాను. ఆడపిల్లకి స్కూటీ కొనిపెట్టొచ్చుగా, గేర్ల బండేంటండీ అని వీధిలో వాళ్ళు అడిగారు. గేరు వేసేది కాలు, కాలికి ఆడా మగా ఏంటి అన్నాను. ఇంట్లో ఉన్న బండిని వదిలి ఇంకో బండి కొనడం నా వల్ల కాదు. పిల్ల కూడా నాలుగు రోజుల్లో నేర్చుకుంది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని బాపట్ల దాకా తీసుకెళ్ళేది.

ఉద్యోగం దొరకడానికి దాదాపు ఏడాది పట్టింది. చివరికి ఒక ల్యాబులో ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకొచ్చే పని ఇచ్చారు. ఆమె వంతుకి రేపల్లె రూటు వచ్చింది. తెల్లవారకముందే బయల్దేరి రేపల్లె వెళ్ళాలి. ఏమీ తినకుండా ఎదురుచూస్తూ ఉండే ముసలివాళ్ళ దగ్గర రక్తం తీసి, ఆ సీసాల్ని ఐసు పెట్టెలో పెట్టుకుని తొమ్మిదిన్నర లోపల తెనాలి చేరాలి. ఆలస్యమైతే కొన్ని పరీక్షలకి ఆ రక్తం పనికిరాదట. మళ్ళీ మర్నాడు ఆ ముసలాయన్ని పస్తు పెట్టి, మళ్ళీ గుచ్చాలి.

గొడవకి వారం ముందు జరిగింది అదే. రేపల్లె నుంచి తిరిగొస్తుంటే వేమూరు ఇవతల రైలు గేటు పడింది. గేటు పడితే ఇంజను ఆపెయ్యాలని ఆమెకి నేర్పింది నేనే. నిలబడ్డ బండి పెట్రోలు తాగడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె ఆపింది. రైలు వెళ్ళింది, గేటు లేచింది, బండి మాత్రం కదల్లేదు. ఎంత కొట్టినా స్టార్టవలేదు. వెనక లారీలు హారన్లు. పక్కకి తోసుకుని, చున్నీతో ఐసు పెట్టె మీద నీడ పట్టుకుని నిలబడింది. ముప్పావు గంట తరువాత, ఏమీ జరగనట్టు ఒక్క కిక్కుకే స్టార్టయింది. ల్యాబు చేరేసరికి పదిన్నర. ఇద్దరి రక్తం పనికిరాకుండా పోయింది. ఇంకోసారి ఇలా అయితే రూటు వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వస్తుందమ్మా, ఏమీ అనుకోకు అని ల్యాబు నడిపే ఆయన చెప్పాడు. కోపంగా చెప్పి ఉంటే ఆమె ఇంత భయపడేది కాదు. నెమ్మదిగా చెప్పాడట.

రూటు పోతే ఉద్యోగం పోయినట్టే. ఉద్యోగం పోతే బాపట్లలో వాళ్ళ అమ్మానాన్నల దగ్గరికి తిరిగి వెళ్ళిపోవాలి. అది ఆమెకి ఇష్టం లేదు. నాకూ ఇష్టం లేదు. అయితే నేను ఆ మాట పైకి అనే మనిషిని కాదు.

అందుకే గొడవలోకి మళ్ళీ పెట్రోలు లాక్కొచ్చాను.

“గేటు దగ్గర ఆగింది పెట్రోలు వల్ల. కల్తీ పెట్రోలు. ఆ బంకులో కొట్టించొద్దని చెప్పానా లేదా?”

“పెట్రోలు కల్తీదైతే చల్లారాక ఎట్లా స్టార్టయింది? చల్లారేసరికి కల్తీ పోయిందా?”

“నువ్వు చోకు వేసుంటావు.”

“నాకు బండి నేర్పింది నువ్వు కాదు అమ్మమ్మా, చోకు సంగతి నాకు చెప్పకు. మెకానిక్కు ఏమన్నాడో ఒక్కసారి వింటావా? రెండు నిమిషాలు. ఆ తరువాత తిట్టుకో.”

“చెప్పు.”

ఆమె వచ్చి నా మిషను బల్ల అంచు మీద కూర్చుంది. కుట్టే బల్ల మీద కూర్చుంటే నాకు ఇష్టం ఉండదు. అయినా ఊరుకున్నాను.

“వాల్వంటే తెలుసుగా, పుట్టగొడుగు ఆకారంలో ఇనప మూత. గాలి రావడానికి ఒకటి, పొగ పోవడానికి ఒకటి. లోపల మంట మండేటప్పుడు రెండూ గట్టిగా మూసుకుని ఉండాలి. ఇంజను వేడెక్కితే ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు కావాలి కదా? అందుకని చల్లగా ఉన్నప్పుడు వాల్వు పైన వెంట్రుకంత ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ ఎక్కువైతే టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంది. తక్కువైతే అసలు శబ్దమే రాదు.”

“శబ్దం రాకపోతే మంచిదేగా?”

“అదే మంచిది కాదు! ఖాళీ లేకపోతే వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోలేదు. మంట దాని అంచు పక్కనుంచి తన్నుకొస్తుంది. రోజూ కొంచెం కొంచెం అంచు కాలిపోతుంది. అట్లాంటి బండి వేడి మీద ఆపితే మళ్ళీ స్టార్టవదు, చల్లారితే అవుతుంది. వదులైన వాల్వు అరిచి చెబుతుందట. బిగుసుకున్న వాల్వు ఏమీ చెప్పదట. అందుకే ఏమీ లేకపోయినా అప్పుడప్పుడూ విప్పి చూడాలన్నాడు. బండితో ఇచ్చిన పుస్తకంలో కూడా రాసుంది. ఇన్ని వేల కిలోమీటర్లకోసారి చూడాలని. మనం ఒక్కసారి కూడా చూపించలేదు.”

నేను తొక్కడం ఆపేశాను. సూది గుడ్డలో దిగి అట్లాగే ఉండిపోయింది.

మనవరాలు చెప్పింది నాకు అర్థం కాకపోయి ఉంటే బాగుండేది. కానీ అర్థమైంది. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోతుందని లంగా పొడుగులో రెండు వేళ్ళు ఎక్కువ వదిలేది నేనే. జాకెట్టు చంకలో వదులు లేకుండా కుడితే వేసుకున్నప్పుడు అందంగా ఉంటుంది, చెయ్యెత్తిన రోజున పిగిలిపోతుంది. ఎంతమంది ఆడవాళ్ళు ఇంకా బిగించమ్మా, ఇంకా బిగించమ్మా అని నా ప్రాణం తీశారో, ఎంతమందికి కుదరదు పొమ్మని చెప్పానో లెక్కలేదు. ఆ కుదరదనే మాట ఇంకొకడు నాతో చెప్పిన రోజు గుర్తుకొచ్చింది.

అప్పటికి ఏడాదిన్నర కిందటి మాట. మనవరాలూ నేనూ బాపట్ల వెళ్ళాం. ఊళ్ళోకి వచ్చాక వెనక చక్రం పంక్చరైంది. ఒక చెట్టు కింద కొట్టు దగ్గర బండి ఆపి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె వాళ్ళ అమ్మకి మందులు కొనడానికి మందుల షాపుకి వెళ్ళింది. పంక్చరు వేశాక అతను బండి స్టార్టు చేసి చూశాడు. అప్పుడు విన్నాను. టిక్, టిక్, టిక్. సన్నగా, గోటితో గిన్నె మీద కొట్టినట్టు.

“అదేం చప్పుడు బాబూ?” అని అడిగాను.

“టాపెట్లు అమ్మగారూ. వాల్వుల దగ్గర్నుంచి వస్తుంది. అది ఉండాల్సిన చప్పుడేనండి, ఏం పర్లేదు.”

“ఉండాల్సిన చప్పుడని ఎక్కడైనా ఉంటుందా? తీసెయ్.”

“వేడి మీద ముట్టుకోకూడదండి. చల్లారాక వస్తే చూస్తాను. అయినా పూర్తిగా తియ్యకూడదండి.”

“మాది తెనాలి. నీ కోసం రేపు మళ్ళీ పెట్రోలు పోసుకుని రావాలా? ఇప్పుడే బిగించు. చప్పుడు వినపడితే పంక్చరు డబ్బులు కూడా ఇవ్వను.”

అతను చిన్నవాడు. పెద్దావిడతో వాదించలేకపోయాడు. మొహం మాడ్చుకుని, పైన మూతలు విప్పి, ఏదో బిగించాడు. మళ్ళీ స్టార్టు చేస్తే చప్పుడు సగం పోయింది. ఇంకా బిగించమన్నాను. ఈసారి పూర్తిగా పోయింది. బండి గుడ్డలో చుట్టి పెట్టినట్టు నడిచింది. అతను బిగించినందుకు వేరే డబ్బులు అడగలేదు. నేనూ ఇవ్వలేదు. పంక్చరు డబ్బులతోనే ఇంకో పని చేయించుకున్నానని ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను. మనవరాలు మందులతో తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమెకి చెప్పాల్సినంత విషయం అనిపించలేదు. తరువాత ఆమె ఎన్నిసార్లో, మన బండి ఎంత మెత్తగా నడుస్తుంది అమ్మమ్మా అంది. తాతయ్య బండి మరి అనేదాన్ని.

ఇదంతా గుర్తొచ్చి నేను అట్లాగే కూర్చున్నాను. మనవరాలు నేను ఇంకా పెట్రోలు గురించే ఆలోచిస్తున్నాననుకుంది.

“సరేలే. నీతో చెప్పి లాభం లేదు. నా డబ్బులతోనే చేయించుకుంటాను,” అని లేచింది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆమె తీసుకెళ్తుంది, అతను విప్పుతాడు, సరిచేస్తాడు. బాపట్ల సంగతి ఎవరికీ తెలియదు. కానీ ఏం చేశారో తెలిస్తే మెకానిక్కు ఎక్కడ చూడాలో అక్కడ చూస్తాడు. లేకపోతే ఇది కాదు అదంటూ ప్లగ్గు మార్చి, కార్బరేటరు కడిగి, మూడు రోజులు పెట్టుకుంటే పిల్ల రూటు పోతుంది. పోనీ అన్నీ సరిగ్గానే చూశాడనుకున్నా, నేను చేసింది నేను చెప్పకపోతే, రేపు ఇంకెవరైనా చప్పుడు తీసెయ్యమంటే తల ఊపుతాను.

“దాన్ని బిగించింది నేనే,” అన్నాను.

“దేన్ని?”

“ఆ వాల్వుల్ని. బాపట్లలో. నువ్వు మందులకి వెళ్ళినప్పుడు.”

మొత్తం చెప్పాను. అతను వద్దన్న మాట కూడా దాచలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి విన్నది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. తిడితే తిరిగి ఏం తిట్టాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

“అంటే నా బండి నోరు నొక్కింది నువ్వా!” అంది.

“నోరు నొక్కడమేంటే?”

“అది అరుస్తుంటే గుడ్డలు కుక్కావు కదా! ఏడాదిన్నర అమ్మమ్మా. ఏడాదిన్నర నుంచి నేను దాని మీద తిరుగుతున్నాను. పైగా మన బండికి చప్పుడే లేదని వీధి వీధంతా చెప్పుకున్నావు.”

“చెప్పుకున్నాను. ఇప్పుడేం చెయ్యమంటావు?”

“రూటు పోయి ఉంటే నేను సంచీ సర్దుకుని బాపట్ల పోవాల్సొచ్చేది. తెలుసా?”

“తెలుసు. అందుకే చెప్పాను.”

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మిషనుకి గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని, బండి వెనక ఎక్కాను. ఆమె ఒక్కతే వెళ్తే అతను ఎంత చెబితే అంత ఇచ్చి వస్తుంది.

షెడ్డు మా వీధికి రెండు సందుల అవతల. మెకానిక్కుకి యాభై దాటి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ రెంచీలు పట్టిన మనిషి.

“పెద్దమ్మా, మీరూ వచ్చారా!” అన్నాడు.

“రాకేం. బండి నాది.” స్టూలు లాక్కుని కూర్చుని బాపట్ల సంగతి అతనికీ చెప్పాను. ఒకసారి చెప్పాక రెండోసారి అంత కష్టం కాలేదు.

అతను కోప్పడలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. “నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది అదే అడుగుతారు పెద్దమ్మా. సౌండు తీసెయ్ అన్నా, సౌండు తీసెయ్ అంటారు. తియ్యనంటే, వీడికి పని రాదని పక్క షెడ్డుకి పోతారు. కుర్రతనంలో నేనూ బిగించి పంపేవాణ్ణి. నవ్వుతూ పోయేవాళ్ళు. ఆరు నెలలకి బండి తోసుకుంటూ వచ్చేవాళ్ళు. పైగా మీరు బిగించమనకపోయినా, నడవగా నడవగా వాల్వు తన గూట్లోకి కొంచెం కొంచెం దిగుతుంది. ఉన్న ఖాళీ దానంతటదే తగ్గుతుంది. చూసుకోవాల్సింది అందుకే.”

“ఇప్పుడే చూడకూడదా?”

“వేడిగా ఉంది కదండీ. వేడి మీద కొలత నిలవదు. తెల్లారాక రండి.”

“ఎంత తీసుకుంటావు?”

“చూసి సరిచెయ్యడానికి రెండొందలు. మూతల కింద రబ్బరు రింగులు మారిస్తే ఇంకో యాభై.”

“పాత రింగులు పనికిరావా?”

“వేస్తే వెయ్యొచ్చు.”

“వేస్తే ఏమవుతుంది?”

“నూనె కారుతుంది.”

“అయితే కొత్తవే వెయ్యి.”

అతనూ మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

“అంచు కాలిపోయి ఉంటే?” అని అడిగింది మనవరాలు.

“కాలిపోతే ఇంజను పైభాగం, హెడ్డు, దింపాలమ్మా. కొత్త వాల్వులు వెయ్యాలి, వాటి గూళ్ళు లేతు మిషను దగ్గర చెక్కించాలి. వేలల్లో పడుతుంది. మూడు నాలుగు రోజులు బండి ఇక్కడే ఉంటుంది. అయితే అప్పుడే అంత దూరం పోయిందనుకోను. చల్లారితే ఒక్క కిక్కుకి లేస్తుందంటున్నావుగా. చూద్దాం.”

ఆటో ఎక్కుదామా అంది మనవరాలు బయటికి వచ్చాక. ఇంకా నయం అన్నాను. నడిచి వచ్చాం. ఆమెకి నాలుగు రోజులనే మాట పట్టుకుంది. నాలుగు రోజులు సెలవడిగితే ల్యాబు ఆయన ఏమంటాడో మాకిద్దరికీ తెలుసు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఆ తరువాత బండిని వాల్వులు చూపించడానికి ఎన్నిసార్లో తీసుకెళ్ళాం. పిల్ల తిరిగే తిరుగుడుకి పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మూడు నెలలకే వచ్చేస్తాయి. క్యాలెండరులో ఆ తేదీ దగ్గర నేనే సున్నా చుట్టి పెడతాను. చాలాసార్లు అతను విప్పి చూసి, బాగానే ఉంది పెద్దమ్మా అని మూసేస్తాడు. మొదటిసారి అట్లా అన్నప్పుడు, బాగానే ఉందని చెప్పడానికి రెండొందలు ఇవ్వడమేంటని నాకు ప్రాణం కొట్టుకుంది. ఇంటికొచ్చి ఆలోచించాను. మిషనుకి నూనె పోసిన శుక్రవారాల్లో ఎన్ని శుక్రవారాలు అది నిజంగా ఎండిపోయి ఉంది? ఒకటో రెండో. మిగిలిన శుక్రవారాల నూనె దండగని నేను ఎప్పుడూ అనుకోలేదు. అందువల్లే ఇన్నేళ్ళుగా అదే మిషను తొక్కుతున్నాను. నూనె నా చేత్తో పోస్తాను కాబట్టి ఖర్చనిపించలేదు. ఇంకొకరి చేతిలో పెట్టాల్సి వచ్చేసరికి దండగనిపించింది. డబ్బు దగ్గర నేను గట్టిదాన్నే, ఇప్పటికీ. ఆ రెండొందలు మాత్రం బేరం ఆడకుండా ఇస్తున్నాను. రేపల్లె దారిలో పిల్ల ఐసు పెట్టెతో ఎండలో నిలబడకూడదు. పస్తున్న ముసలాయన్ని రెండోసారి గుచ్చకూడదు. దానికి ధర కట్టడం నాకు రాదు.

బండిని షెడ్డులో వదిలిన మర్నాడు పొద్దున ఏడింటికి ఇద్దరం అక్కడికి నడిచి వెళ్ళాం. అతను ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాడు. రాయిలా చల్లగా ఉంది. పైన ఉన్న రెండు గుండ్రటి మూతలూ విప్పాడు. పక్కన చిన్న కన్నంలోంచి, వాల్వులు రెండూ మూసుకున్నాయని చెప్పే గీత కనపడేదాకా ఇంజనుని చేత్తో నెమ్మదిగా తిప్పాడు. తరువాత జేబులోంచి ఒక కట్ట తీశాడు. మడత కత్తిలా ఉంది గానీ అందులో ఉన్నవి ఒకదాని కంటే ఒకటి పల్చని ఉక్కు రేకులు. గాలి వచ్చే వాల్వు దగ్గర ఒక రేకు పెట్టాడు. బిగువుగానైనా దూరింది. పొగ పోయే వాల్వు దగ్గర అదే రేకు దూరలేదు. దానికంటే పల్చటిది పెట్టాడు. అదీ దూరలేదు. కట్టలో అన్నిటికంటే పల్చటి రేకు తీసి నా చేతికిచ్చాడు.

“మీరే చూడండి పెద్దమ్మా.”

సూదిలో దారం ఎక్కించే చెయ్యి కాబట్టి నాకు తెలుస్తుంది. అక్కడ ఖాళీ లేదు. వెంట్రుకంత కాదు, అసలు లేదు.

మనవరాలు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. అతను కిక్కు రాడ్డుని కాలితో కాకుండా చేత్తో నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. “గాలి బయటికి పోవట్లేదు, లోపల పట్టు బాగుంది. కాలలేదమ్మా. ఇంకో రెండు మూడు నెలలు ఇట్లాగే తిరిగి ఉంటే కాలేది,” అన్నాడు. మనవరాలు గోళ్ళు కొరకడం ఆపింది.

నట్టు వదులు చేసి, స్క్రూ కాస్త వెనక్కి తిప్పి, రేకు పెట్టి, నట్టు బిగించి, మళ్ళీ రేకు లాగి చూశాడు. అది పట్టీ పట్టనట్టు కదలాలట. మిషను మీద దారం బిగువు చూసేటప్పుడు నా వేళ్ళకి తెలిసే పట్టు అది. రెండోసారి రేకు లాగి చూడమని నాకిచ్చినప్పుడు, ఇదీ సరైన వదులని నేనే చెప్పాను. రెండు వాల్వులూ చూసి, కొత్త రింగులు వేసి, మూతలు బిగించాడు.

స్టార్టు చేశాడు. టిక్, టిక్, టిక్. సన్నగా ఉంది. నా మొహం నాకు తెలియకుండానే ముడుచుకుని ఉంటుంది.

“ఏం పెద్దమ్మా, తీసెయ్యమంటారా?” అన్నాడు అతను.

“ఉండనియ్యి,” అన్నాను.

మనవరాలు బండి తీసుకుని చుండూరు దాకా వెళ్ళి వచ్చింది. వచ్చాక ఇంజను మీద నీళ్ళు చల్లితే సుయ్యిమనేంత వేడిగా ఉంది. ఆపేసింది. అతను తల ఊపాడు. ఆమె కిక్కు కొట్టింది. మొదటి దెబ్బకే స్టార్టయింది. మళ్ళీ ఆపి, మళ్ళీ కొట్టింది. మళ్ళీ స్టార్టయింది.

నేను కొంగు ముడి విప్పి రెండొందల యాభై ఇచ్చాను. మనవరాలు షెడ్డు బయట నిలబడి ల్యాబు ఆయనకి ఫోను చేసింది. “బండి బాగైందండి. రేపు పొద్దున రేపల్లె నేనే వెళ్తానండి,” అంది. సరేనమ్మా, టైముకి వచ్చెయ్ అన్నాడట. ఇద్దరం అదే బండి మీద ఇంటికి వచ్చేసరికి తొమ్మిదిన్నరైంది. ఇడ్లీ పిండి మిగిలి ఉంటే అట్లు పోశాను. ఆమె నాలుగు తింది.